సందూక్ అడుగున దొరికిన దెబ్బతిన్న రూపాయి: ఆ గాయాలు ఏం చెబుతాయి?

పాత ఇల్లు ఖాళీ చేసేటప్పుడో, దాదీ సందూక్ సర్దేటప్పుడో అడుగున ఒక గుడ్డ మూట దొరుకుతుంది. విప్పితే నయా పైసలు, అల్యూమినియం బిళ్లలు, ఒకటో రెండో అణాలు, వాటి మధ్య నల్లబడిన వెండి రూపాయి ఒకటి. పాత హైదరాబాద్ సంస్థానం ఊళ్లలో, అటు బీదర్, ఔరంగాబాద్ దాకా, ఇది ఇంటింటి కథే. మంచి నాణేలను పిల్లలు వెంటనే గుర్తుపడతారు, ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటారు. చిక్కంతా దెబ్బతిన్న దానితోనే. ఒకవైపు నున్నగా గీకేసి ఉంటుంది, అంచున చిల్లు ఉంటుంది, మధ్యలో బూడిద రంగు మచ్చ. "ఇది నాణెమేనా, బొత్తామా?" అని ఒకరు, "పాడైపోయింది, వెండి కొట్లో వేసేద్దాం" అని ఇంకొకరు. ఆ రెండో మాట సాధారణంగా గెలుస్తుంది. కరిగించాక ఇక అడగడానికి ఏమీ మిగలదు.

కరిగించే ముందు పది నిమిషాలు దాన్ని చూడమని చెప్పడానికే ఈ వ్యాసం. నాణెం మీద దెబ్బ కూడా ఒక రాత లాంటిదే. ఎవరు చేశారు, ఎందుకు చేశారు, టంకశాలలో జరిగిందా, బయట జరిగిందా అన్నది చాలావరకు తేల్చవచ్చు.

ఈ మధ్య నేను చూసిన ఒక నాణేన్నే ఉదాహరణగా తీసుకుందాం. చిల్లర వేరు చేస్తుంటే బయటపడింది. ఒక ముఖం మీద చార్మినార్ కనిపిస్తోంది, నాలుగు మినార్లలో ఒకటి అరిగిపోయింది. చార్మినార్ పైన, అంచుకు దగ్గరగా చిన్న చిల్లు. రెండో ముఖం దాదాపు ఖాళీ. గీకినట్టు గీతలు, నడుమ బూడిద రంగు ముద్ద. అంచు మీద ఒకచోట చిన్న గాటు.

ముందు ఎవరి కాలందో చూద్దాం

చార్మినార్ బొమ్మ ఉంది కాబట్టి హైదరాబాద్ నిజాం నాణెం అని చెప్పడానికి పండితులు అక్కర్లేదు. కానీ ఏ నిజాం? ఇక్కడే ఉర్దూ అక్షరాలు వచ్చినవాళ్లకు ఒక సౌకర్యం ఉంది. చార్మినార్ మధ్య కమాను కింద, దర్వాజా ఉండాల్సిన చోట, ఒకే ఒక అక్షరం ఉంటుంది. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నాణేల మీద అది 'మీమ్', అంటే మహబూబ్ పేరులో మొదటి అక్షరం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ నాణేల మీద 'ఐన్', ఉస్మాన్ పేరులో మొదటి అక్షరం. ఉర్దూ రానివాళ్లు ఇలా గుర్తు పెట్టుకోండి: మీమ్ అంటే చిన్న ముడి, కిందికి తోక. ఐన్ అంటే పైన చిన్న కొడవలి, కింద పెద్ద అరచందమామ.

ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన తొలి రోజుల్లో ఐన్ అక్షరాన్ని పొట్టిగా, మాట మొదట్లో రాసే రూపంలో వేశారు. ఆ తర్వాత పూర్తి ఐన్ వచ్చింది. సేకరించేవాళ్లు ఈ రెండింటినీ వేరు రకాలుగా లెక్కపెడతారు. మన నాణెం మీద కింది అరచందమామ స్పష్టంగా ఉంది, అంటే పూర్తి ఐన్. చార్మినార్ సగం అరిగినా ఆ ఒక్క అక్షరం మిగలడం అదృష్టమే. దర్వాజా లోపలికి పల్లంగా ఉంటుంది కదా, చుట్టూ ఉన్న కమాను రాపిడిని తాను భరించి అక్షరాన్ని కాపాడింది. అందుకే అరిగిన నిజాం రూపాయి చేతికొస్తే నేను ముందు దర్వాజాలోకే చూస్తాను.

ఇక సంవత్సరం. ఇవి హిజ్రీ సంవత్సరాలు, పైగా ఫార్సీ అంకెల్లో ఉంటాయి. నిలువు గీత 1, సున్నాకు చుక్క, 5 తలకిందులైన హృదయం ఆకారం, 7 నోరు పైకి తెరిచిన కోణం, 8 అదే కోణం బోర్లించినట్టు. 2, 3 చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, పైన పళ్లు లెక్కపెట్టుకోవాలి. మన నాణెం మీద 133 వరకు తెలుస్తోంది, చివరి అంకె పోయింది. అంటే 1330 నుంచి 1339 మధ్య. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే దాదాపుగా ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అలా చూస్తే ఇది 1911 చివరి నుంచి 1921 మధ్య ఎప్పుడో తయారైన రూపాయి. అంటే వందేళ్లు దాటిన వస్తువు. ఈ సంగతి తర్వాత మళ్లీ పనికొస్తుంది.

చివరి అంకె దొరకాలంటే రెండో ముఖం చూడాలి. అక్కడ 'జులూస్' సంవత్సరం ఉంటుంది, అంటే గద్దెనెక్కి ఎన్నో ఏడాది అన్నది. ఉస్మాన్ అలీ ఖాన్ 1329 హిజ్రీలో గద్దెనెక్కారు కాబట్టి ఆ అంకెను 1328కి కలిపితే, ఒకటి అటూ ఇటూగా, హిజ్రీ ఏడాది దొరుకుతుంది. కానీ మన నాణేనికి గీకేసింది ఆ ముఖాన్నే. 'జర్బ్ ఫర్ఖుందా బునియాద్ హైదరాబాద్' అనే మాటలో ఒక ముక్క మాత్రం అంచున మిగిలింది. ఫర్ఖుందా బునియాద్ అంటే శుభప్రదమైన పునాది గలది అని హైదరాబాద్‌కు నాణేల మీద ఇచ్చిన బిరుదు.

ఇక్కడే ఇంకో మాట. చాలా ఆసఫ్‌జాహీ నాణేల మీద 92 అనే అంకె కనిపిస్తుంది. సంవత్సరం అనుకుని 1892 అనో 1292 అనో చెప్పేవాళ్లను చూశాను. అది తేదీ కాదు. అబ్జద్ లెక్కలో మీమ్ 40, హే 8, మళ్లీ మీమ్ 40, దాల్ 4. మొత్తం 92. ముహమ్మద్ అనే పేరుకు అక్షరాల విలువ అది.

అరిగిన రాత చదవడానికి ఒక చిట్కా. వెలుతురు పైనుంచి కాకుండా పక్కనుంచి, నాణేనికి దాదాపు సమాంతరంగా పడాలి. గదిలో దీపం ఆపి ఫోన్ టార్చ్‌ను బల్ల మీద పడుకోబెట్టినట్టు పెట్టి, నాణేన్ని నెమ్మదిగా తిప్పండి. కంటికి కనిపించని గీతలు నీడలుగా లేస్తాయి. ఒక్కోసారి ఒక కోణంలో 'హై' కనిపిస్తుంది, ఇంకో కోణంలో 'దరాబాద్'.

అసలుదేనా? తూకం చెబుతుంది

చార్మినార్ రూపాయి అసలు బరువు 11.178 గ్రాములు. అందులో వెండి 81.8 శాతం. బ్రిటిష్ ఇండియా రూపాయి, అంటే మన పెద్దలు 'కల్దార్' అనేది, 11.66 గ్రాములు, వెండి 91.7 శాతం. కల్దార్ బరువు సరిగ్గా ఒక తులం. అందుకే తూకపు రాయి లేనిచోట రూపాయి బిళ్లే తులం రాయిగా పనిచేసేది. నిజాం రూపాయి, అంటే 'హాలీ', తులానికి తక్కువ.

ఈ లెక్కలో ఒక అందం ఉంది. హాలీ రూపాయిలో నికరమైన వెండి 9.14 గ్రాములు. కల్దార్‌లో 10.69 గ్రాములు. భాగించి చూడండి, దాదాపు ఏడుకు ఆరు. బజారులో మారకం కూడా అంతే ఉండేది: 100 కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. అంటే ఏడు హాలీ ఇస్తే ఆరు కల్దార్. "జీతం ఎంత?" అంటే "హాలీలోనా, కల్దార్‌లోనా?" అని ఎదురు ప్రశ్న వేసే రోజులవి. లోపల ఉన్న వెండి లెక్కా, బజారు లెక్కా ఇంత దగ్గరగా కలవడం చూస్తే ఆ రోజుల్లో నాణెం అంటే ముద్ర వేసిన లోహమే అని అర్థమవుతుంది.

మన నాణేన్ని నగల తూకం మీద పెడితే 10.40 గ్రాములు వచ్చింది. ఉండాల్సిన దానికంటే 0.78 గ్రాము తక్కువ, నూటికి ఏడు పాళ్లు. చేతులు మారిన అరుగుదల అయితే రెండు ముఖాలూ ఒకేలా అరగాలి. ఇక్కడ ఒక ముఖం మీద రాత బాగానే ఉంది, రెండోది నున్నగా ఉంది. కాబట్టి ఇది అరుగుదల కాదు, ఆకురాయితో రాయడం. గీతలన్నీ ఒకే దిశలో ఉండటం కూడా అదే చెబుతోంది.

మరి లోహం వెండేనా? సీసం మీద వెండి పూత వేసిన ఖోటా సిక్కాలు ఆనాడూ ఉన్నాయి, ఈనాడూ ఉన్నాయి. దీనికి ఆమ్లం పోయక్కర్లేదు, రాయి మీద గీయక్కర్లేదు. చిన్న గిన్నెలో నీళ్లు పోసి తూకం మీద పెట్టండి, అంకెను సున్నా చేయండి. నాణేనికి సన్న దారం కట్టి, అడుగు తగలకుండా నీళ్లలో పూర్తిగా మునిగేలా వేలాడదీయండి. తూకం చూపించే అంకె ఎంతో నాణెం ఘనపరిమాణం అంత. మనదానికి 1.03 వచ్చింది. 10.40ని 1.03తో భాగిస్తే సుమారు 10.1. హాలీ రూపాయి మిశ్రమానికి లెక్కప్రకారం 10.2 దగ్గర రావాలి. ఇత్తడి అయితే 8.5 దరిదాపుల్లో, రాగి-నికెల్ అయితే 8.9, సీసం అయితే 11.3 వచ్చేది. ఆ కాస్త తేడా వెనకాల అతికిన ముద్దది, లేదా అంటుకున్న గాలి బుడగది. అయస్కాంతానికి అంటుకోలేదు. సీసానికి ముద్ర వేసిన ఖోటా కాదు, అసలుదే.

అయస్కాంతం మాట వచ్చింది కాబట్టి చెప్పాలి. 1947 నాటి బ్రిటిష్ రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది. దొంగ నాణెం అని పారేయకండి, అది నికెల్‌తోనే చేశారు. అలాగే 1940 నుంచి వచ్చిన బ్రిటిష్ వెండి రూపాయల్లో వెండి సగమే. కాబట్టి పైన చెప్పిన 10.2 లెక్కను ప్రతి పాత రూపాయికీ వేయకూడదు.

చిల్లు, ముద్ద, గాటు

ఇప్పుడు అసలు చిక్కు. ఈ మూడు గాయాలూ ఒకేసారి తగిలినవా, వేర్వేరుగానా?

చిల్లు నుంచి మొదలుపెడదాం. మేకు పెట్టి సుత్తితో కొడితే లోహం కొట్టినవైపు లోపలికి కుంగి, అవతలివైపు పువ్వులా పైకి లేస్తుంది. బర్మాతో తొలిస్తే అలా లేవదు, అంచు శుభ్రంగా ఉంటుంది. మన నాణేనికి చార్మినార్ వైపు కాస్త కుంగి ఉంది. కాబట్టి ఆ వైపునుంచే మేకు దిగింది. వెనకవైపు లేచిన లోహం మాత్రం లేదు, దాన్ని రాసేశారు. అంటే చిల్లు ముందు, రాయడం తర్వాత. వరస దొరికింది.

ఇంకోటి గమనించండి. చిల్లు గుండ్రంగా లేదు, అంచువైపు కోడిగుడ్డులా సాగింది. దారమో గొలుసో ఏళ్ల తరబడి లాగితేనే అలా సాగుతుంది. రెండు రోజులు మెడలో వేసుకుంటే సాగదు. పైగా చిల్లు చార్మినార్‌కు సరిగ్గా నడినెత్తిన ఉంది. వేలాడదీస్తే మినార్లు నిటారుగా నిలుస్తాయి. ఎవరు కొట్టించారో గానీ, బొమ్మ తలకిందులు కాకూడదని చూసి కొట్టించారు. ఉర్దూ రాని చెయ్యి అయినా కావచ్చు, వచ్చినది అయినా కావచ్చు. చార్మినార్ నిలబడి ఉండాలని మాత్రం ఆ మనిషికి పట్టింపు ఉంది.

రూపాయి బిళ్లల దండలు మన ప్రాంతంలో కొత్తేమీ కాదు. లంబాడీ ఆడవాళ్ల నగల్లో, రవికెల మీద నాణేలు కుట్టుకోవడం ఇప్పటికీ చూస్తాం. పసిపిల్లల మొలతాడుకు చిల్లి బిళ్ల కట్టేవారు. ముస్లిం ఇళ్లలోనూ వెండి రూపాయి మెడలోకి ఎక్కింది. బ్యాంకు దూరంగా, దొంగ భయం దగ్గరగా ఉన్నప్పుడు ఒంటి మీది నగే పొదుపు. అవసరానికి ఒక బిళ్ల తీసి ఇస్తే సరిపోయేది.

తర్వాత నడిమి బూడిద ముద్ద. గోరుతో గీస్తే గీత పడింది. వెండి మీద గోరు గీత పడదు. కాబట్టి ఇది సీసం-తగరం అతుకు. కంసాలి వెండి నగకు వెండి టంకం, వెలిగారం వాడతాడు, ఆ అతుకు గట్టిగా, తెల్లగా ఉంటుంది. ఈ మెత్తటి అతుకు కళాయివాడిదో, బజారు పనివాడిదో అయి ఉండాలి. పాత చిల్లు సాగిపోయి అంచు తెగేలా ఉంది కాబట్టి, దండ పనికిరాక, వెనకవైపు చదునుగా రాసి నడిమిలో కొక్కెం అతికారు. బెల్టు బిళ్ల కావచ్చు, సంచి ముడి కావచ్చు, పెద్ద బొత్తామూ కావచ్చు. బేడ, పావలా లాంటి చిన్న నాణేలకు వెనక కొక్కెం అతికి షేర్వానీ బొత్తాలుగా వాడినవి కూడా పాత సామాన్లలో దొరుకుతుంటాయి. టంకశాలలో పుట్టి టంకంతో పాడైందన్నమాట.

మిగిలింది అంచు మీద గాటు. ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే గాటుకు కారణాలు చాలా. సర్రాఫులు అసలుదో కాదో చూడటానికి అంచు మీద చిన్న గాటు పెట్టి లోపలి రంగు చూసేవారు. అంతకు ముందు కాలపు, చేత్తో కొట్టిన రూపాయల మీద అయితే సర్రాఫులు చుక్క, నెలవంక, పువ్వు లాంటి చిన్న ముద్రలు గుద్దేవారు. అవి దెబ్బలు కావు, ఆనాటి బజారు ఇచ్చిన హామీ. ఒకే రూపాయి మీద అలాంటివి ఐదారు ఉంటే అది ఐదారు దుకాణాల చేతుల్లో పరీక్ష నెగ్గిందని చదువుకోవాలి.

అదే గాటు లోతుగా, నాణెం సగం దాకా దిగి ఉంటే కథ వేరు. 1906 నాటి భారత నాణేల చట్టం బ్రిటిష్ ఇండియాలో కొందరు అధికారులకు ఒక అధికారం ఇచ్చింది: నకిలీదని తేలినా, బరువు తగ్గించారని, పాడుచేశారని తేలినా వెండి నాణేన్ని కోసి తిరిగి ఇవ్వవచ్చు. మళ్లీ చలామణిలోకి రాకుండా అన్నమాట. కల్దార్ రూపాయి మీద అలాంటి లోతైన కోత కనిపిస్తే ఖజానా కత్తెర అయి ఉండవచ్చు. ఆ నాణేన్ని ముందు తూచండి, ఖోటాదని తేలే అవకాశం ఎక్కువ. మన హాలీ రూపాయి మీది గాటు నెల్లూరు బియ్యం గింజంత కూడా లేదు. దాని లోపల కూడా మట్టి, నలుపు పట్టి ఉంది, కాబట్టి కొత్తది కాదు. సర్రాఫు గాటు అనే నా అంచనా.

టంకశాల చేసిన తప్పులు వేరు

దెబ్బతిన్న నాణెం కనిపించగానే "ఎర్రర్ కాయిన్, లక్షలు వస్తాయి" అనే మాట ఈమధ్య ఎక్కువైంది. నిజమైన తప్పు నాణేలు ఉన్నాయి. వాటిని గుర్తుపట్టడం కష్టమేమీ కాదు, ఒక సూత్రం గుర్తుంటే చాలు. టంకశాలలో జరిగిన తప్పులో లోహం అచ్చు ఒత్తిడికి పారిన తీరు కనిపిస్తుంది. బయట జరిగిన దెబ్బలో అప్పటికే తయారైన బొమ్మ నలిగినట్టు కనిపిస్తుంది.

మన దేశంలో సేకరించేవాళ్లు 'లఖీ' అని పిలిచే నాణెం దీనికి మంచి ఉదాహరణ. ఒకవైపు మామూలు బొమ్మ. రెండోవైపు అదే బొమ్మ పల్లంగా, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటుంది. ముందు కొట్టిన నాణెం అచ్చుకు అంటుకుని ఉండిపోతే, తర్వాతి లోహపు బిళ్ల మీద అచ్చుకు బదులు ఆ నాణెమే పడుతుంది. అందుకే ఆ ముద్ర. దీన్ని ఇంట్లో ఉంటే కలిసొస్తుందని దాచుకునేవాళ్లూ ఉన్నారు. కలిసొచ్చే సంగతి నాకు తెలియదు గానీ, దొంగ లఖీలు మాత్రం వచ్చాయి. రెండు నాణేలను బెంచి వైసులో పెట్టి బిగిస్తే ఒకదాని బొమ్మ ఇంకోదాని మీద పడుతుంది. తేడా ఎక్కడంటే, అసలు లఖీలో పల్లపు బొమ్మ ఆ ముఖమంతా శుభ్రంగా ఉంటుంది, కింద ఇంకో బొమ్మ ఆనవాలు ఉండదు. వైసులో నొక్కిన దానిలో అసలు బొమ్మ చితికి, దాని మీదే పల్లపు గీతలు కనిపిస్తాయి.

అంచున అరచంద్రాకారంలో ముక్క లేకుండా వచ్చేవి కూడా నిజమైన తప్పులే. రేకులోంచి బిళ్లలు కోసేటప్పుడు కత్తిరింపు పాత రంధ్రం మీద పడితే అలా అవుతుంది. కత్తెరతో కోసిన నాణేనికి ఆ ముక్కకు సరిగ్గా ఎదుటి అంచు మామూలుగానే ఉంటుంది. టంకశాల తప్పులో ఎదుటి అంచు కూడా సాధారణంగా బలహీనంగా, గట్టు సరిగా లేవకుండా ఉంటుంది.

ఇక తప్పూ కాదు, దెబ్బా కాదు అనేవి కొన్ని. 1943 నుంచి 1947 దాకా వచ్చిన బ్రిటిష్ ఇండియా పైసా నడుమ పెద్ద రంధ్రంతోనే వచ్చింది. యుద్ధకాలంలో లోహం ఆదా కోసం చేశారు. నిజాం టంకశాల కూడా ఆ రోజుల్లో రంధ్రం ఉన్న రెండు పైల కంచు నాణెం వేసింది. వీటిని వాషర్లుగా వాడుకున్నారని పెద్దలు నవ్వుతూ చెబుతారు. తెలుగులో చిల్లిగవ్వ, ఉర్దూలో ఫూటీ కౌడీ, రెండు భాషల్లోనూ చిల్లు పడితే విలువ పోయినట్టే. ఈ పైసా మాత్రం చిల్లుతోనే పుట్టింది.

అలాగే యంత్రాలు రాకముందు చేత్తో కొట్టిన పాత నిజాం రూపాయలు. అచ్చు పెద్దది, బిళ్ల చిన్నది. అందుకని సగం రాత బయటికే పోతుంది, ఆకారం కూడా వంకరటింకరగా ఉంటుంది. అది చూసి ఎవరో కోసేశారని అనుకుంటారు. బరువు చూస్తే సరిగ్గానే ఉంటుంది. ఆ రోజుల్లో గుండ్రం ముఖ్యం కాదు, తూకం ముఖ్యం. హైదరాబాద్‌లో టంకశాల 1803లో మూడో నిజాం సికందర్ జా కాలంలో సుల్తాన్ షాహీలో మొదలైంది. 1895 ప్రాంతంలో యంత్రాలతో నాణేల తయారీ వచ్చింది, 1903లో సైఫాబాద్‌కు మారింది. మన చార్మినార్ రూపాయి ఆ సైఫాబాద్ యంత్రాల మీదే పుట్టింది, అందుకే దాని అంచు అంత గుండ్రంగా ఉంది.

అమ్మాలా, ఉంచాలా?

ఉన్న మాట చెప్పుకుందాం. చిల్లు, రాపిడి, అతుకు, మూడూ ఉన్న రూపాయికి సేకరించేవాళ్ల దగ్గర పెద్ద ధర రాదు. మన నాణెంలో వెండి ఎనిమిదిన్నర గ్రాములకు కాస్త తక్కువ. వెండి కొట్లో ఇచ్చేది ఆ వెండికే, అదీ తరుగు పోగా. "ఇందులో సగమే వెండి" అని ఎవరైనా అంటే 81.8 అనే అంకె గుర్తు చేయండి. హాలీ సిక్కా 1959లో చెల్లుబాటు కోల్పోయింది కాబట్టి బ్యాంకులో మార్చుకునే ప్రశ్నే లేదు.

ఫోన్‌కు వచ్చే ప్రకటనలు ఇంకా ప్రమాదం. పాత నాణెం ఫొటో పంపితే లక్షలు ఇస్తామంటారు, తర్వాత కమీషన్ అనో, పన్ను అనో ముందుగా డబ్బు కట్టమంటారు. కొన్నిసార్లు రిజర్వు బ్యాంకు పేరే వాడుకుంటారు. తాము పాత నోట్లు, నాణేల కొనుగోలు అమ్మకాల్లో లేమని, అలాంటి రుసుములు అడగబోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. కొనేవాడు మీకు డబ్బు ఇవ్వాలి గానీ మీరు ఎందుకు కడతారు? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలామంది బయటపడతారు.

గల్ఫ్‌లోనో అమెరికాలోనో ఉన్న పిల్లలు "దాదా గుర్తుగా నాకు ఒకటి ఇవ్వండి" అని అడగడం సహజం. కానీ 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు కిందికి వస్తుంది, దాన్ని సొంతంగా దేశం దాటించడం నేరం. మన రూపాయి 1921కి ఇటు రాదు కాబట్టి అది ఆ గీత దాటేసింది. పిల్లలు వచ్చినప్పుడు ఇక్కడే చూసుకోవాలి. అలాగే పునాదులు తవ్వుతుంటేనో పొలంలోనో నాణేల కుండ బయటపడితే అది ఇంటి మూట లెక్క కాదు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన ఏ పాతిన సొమ్మునైనా కలెక్టరుకు తెలియజేయాలి.

ఇలాంటివి పోల్చి చూసుకోవాలనుకుంటే సైఫాబాద్ పాత టంకశాలలో 2022లో తెరిచిన మ్యూజియం ఉంది, పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంలో నాణేల విభాగం ఉంది. మంచి స్థితిలో ఉన్న చార్మినార్ రూపాయిని ఒకసారి కళ్లారా చూస్తే, ఇంట్లో ఉన్న గీకిన దాని మీద ఏది పోయిందో, ఏది మిగిలిందో చప్పున తెలుస్తుంది.

ఇంట్లో ఉంచుకునేవాళ్లకు ఒకే ఒక గట్టి మాట: తోమకండి. చింతపండు, నిమ్మకాయ, బూడిద, పళ్ల పొడి, ఏదీ వద్దు. నలుపు పోతుంది, దానితో పాటు మిగిలిన కాస్త రాతా పోతుంది. మన నాణెం మీద ఐన్ అక్షరం మిగిలింది అరచేతి రాపిడి నుంచి, తోమితే ఆ అక్షరం కూడా మిగలదు. మట్టి ఉంటే మామూలు నీళ్లలో నానబెట్టి, మెత్తటి నూలు గుడ్డతో అద్దండి. వెనక ఉన్న సీసపు ముద్దను ఊడదీయకండి, అది కూడా ఆ నాణెం కథలో భాగమే, పైగా వేడి పెడితే కింద రాత చెడుతుంది. ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితం కవరులో వేసి, పైన పెన్సిల్‌తో రాయండి: హాలీ రూపాయి, ఉస్మాన్ అలీ ఖాన్, 133-, బరువు 10.40, చిల్లు చార్మినార్ వైపు నుంచి, వెనక అతుకు. దాని కింద ఎవరి సందూక్‌లో దొరికింది, ఏ ఊరు, వాళ్లు మీకు ఏమవుతారు అన్నది కూడా.